పోరగాళ్లకు పని చూపిన ఒంటికన్ను ఫాదర్

మా ఊరి పాల సంఘం మూతపడి ఆరేండ్లాయె. షెడ్డు తాళం తుప్పు పట్టింది. నాతోని చదివినోళ్లల్ల సగం మంది పట్నంల డెలివరీ బండ్లు నడుపుతున్నరు. సంఘమంటే ఎవడో ఒకడు మింగుడే అనుకునేటోణ్ణి. స్పెయిన్‌ల మోండ్రాగోన్ అనే ఊరి ఫాదర్ గురించి చదివినంక ఆ మాట అనబుద్ధయితలేదు.

ఆయన పేరు హోసే మరియా అరిస్మెండియారియెటా. నోరు తిరగదు గదా, అరిస్మెండి అందాం. 1915ల బాస్క్ ప్రాంతంల రైతు ఇంట్ల పుట్టిండు. చిన్నప్పుడే ఒక కన్ను పోయింది. అంతర్యుద్ధంల ఓడిన దిక్కు పత్రికల పనిచేసి జైలుకు పోయిండు. 1941ల మోండ్రాగోన్ చర్చికి వచ్చేసరికి ఊర్ల ఆకలి, నిరుద్యోగం. ఉన్న పెద్ద ఫ్యాక్టరీ తన బడిని అందరి పిల్లలకు తెరువనన్నది.

ఫాదర్ ఏం చేసిండు? వీధి మూలలల్ల డబ్బాలు పెట్టించిండు. పైసలిస్తరో, పని చేసిపెడ్తరో చీటీ రాసి వెయ్యుమన్నడు. 1943ల 20 మంది పిల్లలతోని బడి షురువైంది. అండ్ల చదివిన ఐదుగురు పోరగాళ్లు, 13 ఏండ్లకు, తెలిసినోళ్ల కాడ పైసలు జమచేసి కిరోసిన్ పొయ్యిల కంపెనీ పెట్టిండ్రు. తమ పేర్ల అక్షరాలు కలిపి ఉల్గోర్ అన్నరు. పనిచేసేటోళ్లే ఓనర్లు, మనిషికొక ఓటు. పెద్ద జీతం చిన్న జీతానికి మూడింతలు దాటొద్దు.

నన్ను ఆపింది మాత్రం బ్యాంకు ముచ్చట. 1959ల ఫాదర్ బ్యాంకు పెడదామంటే, ఫ్యాక్టరీ నడిపేటోళ్లకు ఇదెందుకని పోరగాళ్లే ఎనక్కి తగ్గిండ్రు. ఆయన ఇడువలే. జనం దాచుకున్న పైసలు అక్కడ్నే కొత్త సంఘాలకు పెట్టుబడి అయినయి. మీరు ఓనర్లు, కూలోళ్లు కాదని సర్కారు సామాజిక భద్రత తీసేస్తే, సంఘాలన్ని కలిసి సొంత నిధి పెట్టుకున్నయి. లాభంల కొంత మళ్ల చదువుకే. మనం బ్యాంకుల ఏసిన పైసలు ఏ ఊర్ల అప్పుగ తిరుగుతున్నయో మనకు ఎరుకనా?

ఫాదర్ ఆ కంపెనీలల్ల ఏ పదవీ తీసుకోలే. సైకిల్ మీద తిరిగేటోడు. 1976ల పోయిండు.

దాచిపెట్టుడెందుకు, ఉల్గోర్ నుంచి పెరిగిన ఫాగోర్ గృహోపకరణాల కంపెనీ 2013ల దివాలా తీసింది. అండ్ల పనిచేసినోళ్లల్ల చానమందిని పక్క సంఘాలు పనిల పెట్టుకున్నయి. మా పాల సంఘం పడ్డనాడు పట్టుకునేతందుకు పక్కన ఇంకో సంఘం లేకుండె.