ఓడ నడిపిన చిదంబరం పిళ్ళై

మన తాతముత్తాతలలో ఎందరినో మద్రాసు నుండి పినాంగుకు చేర్చినవి బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడలు. ఆ కంపెనీకే ఎదురు నిలిచిన ధీరుడు వి.ఓ. చిదంబరం పిళ్ళైగారిని స్మరించుకొందాము.

1872లో ఒట్టపిడారంలో జన్మించి వకీలైన ఆయన, 1906లో తూత్తుకుడిలో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్థాపించారు. వాటా 25 రూపాయలు. 1907లో గాలియా, లావో అనే రెండు ఓడలు కొని కొలంబోకు నడిపారు. తెల్లదొరల కంపెనీ టిక్కెట్టు రూపాయికి దించింది; చివరకు ఉచిత ప్రయాణం, పైగా గొడుగు కానుక అన్నది.

1908లో రాజద్రోహ నేరం మోపి ఆయనను జైలులో పెట్టి గానుగ తిప్పించారు. నడిపే నాథుడు లేక 1911లో కంపెనీ మూతపడింది. 1912లో విడుదలై, పేదరికంలో బ్రతికి, 1936లో కన్నుమూశారు. 2011లో తూత్తుకుడి రేవుకు ఆయన పేరు పెట్టారు.

ఏ సంస్థా ఒక్కరి భుజాలమీదనే నిలువరాదని మన సంఘాలకు ఈ కథ చెప్పడం లేదా?