ఇంటిని, రాజ్యాన్ని నిలిపిన తల్లి రాణి దుర్గావతి

జూన్ 24 రాగానే మనం రాణి దుర్గావతి పటానికి పూలమాల వేస్తాం. ఏనుగు మీద నుంచి మొగలు సైన్యంతో పోరాడి ప్రాణం విడిచిన వీరవనితగా ఆమెను తలుచుకుంటాం. అది నిజమే. కానీ ఆ యుద్ధం సాగింది రెండు రోజులే. దానికి ముందు దాదాపు 14 ఏళ్లు ఆమె ఒక ఇంటిని, ఒక రాజ్యాన్ని నడిపారు. ఆ సంగతి మన పిల్లలకు మనం అంతగా చెప్పలేదు. అందుకే ఈ సంచికలో ఆ తల్లి జీవితాన్ని మొదటి నుంచి చెప్పుకుందాం.

దుర్గావతి 1524లో కాలింజర్ కోటలో పుట్టారు. పుట్టింటివారు చందేల్ రాజవంశీయులు, అంటే ఆమె గోండు బిడ్డ కాదు. గఢా రాజ్యాన్ని ఏలిన గోండు రాజు సంగ్రామ్ షా కొడుకు దళపత్ షాను పెళ్లాడి, 1542లో మన ఇంటి కోడలయ్యారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశం కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ మనందరికీ తెలుసు. ఆ రోజుతో కోడలు పరాయిది కాదు, ఆ వంశం మనిషే. దుర్గావతి విషయంలోనూ అదే జరిగింది. ఇన్ని వందల ఏళ్లుగా గోండు జాతి ఆమెను తన తల్లిగానే చూస్తోంది.

1545లో కొడుకు వీర నారాయణ్ పుట్టాడు. అతనికి ఐదేళ్లు వచ్చేసరికి దళపత్ షా కన్నుమూశారు. పసివాడిని గద్దె మీద కూర్చోబెట్టి పాలన భారాన్ని తల్లే మోశారు. ఆధార్ కాయస్థ అనే మంత్రి ఆమెకు అండగా నిలిచారు. రాజధానిని సింగోర్‌గఢ్ నుంచి సాత్పురా కొండల్లోని చౌరాగఢ్ కోటకు మార్చారు. మాళ్వా సుల్తాను బాజ్ బహదూర్ ఆడమనిషి రాజ్యమే కదా అని దండెత్తి వచ్చి, ఓడిపోయి వెనుదిరిగాడు. ఆమె తుపాకీతోనూ, విల్లుతోనూ గురి తప్పని వేటగత్తె. పులి కనిపించిందన్న కబురు అందితే దాన్ని కొట్టేదాకా నీళ్లు ముట్టేవారు కాదట. ఈ మాట రాసింది మనవాళ్లు కాదు, అక్బర్ కొలువులోని చరిత్రకారుడు అబుల్ ఫజల్.

యుద్ధాల కంటే ఎక్కువ కాలం నిలిచినవి ఆమె కాలపు చెరువులు. జబల్‌పూర్‌లో రాణీతాల్ ఆమె పేరు మీద, చేరీతాల్ ఆమె చెలికత్తె పేరు మీద, ఆధార్‌తాల్ మంత్రి పేరు మీద వచ్చాయని అక్కడివారు చెప్పుకుంటారు. తన పేరు పక్కనే చెలికత్తె పేరుకూ చోటిచ్చిన రాణి ఆమె.

1564లో అక్బర్ సేనాని ఆసఫ్ ఖాన్ గఢా మీదికి వచ్చాడు. మొదట ఆమె వెంట మిగిలింది ఐదు వందల మందే అని అక్బర్‌నామా చెబుతుంది. ఆమె జబల్‌పూర్ దగ్గర నర్రయి కొండల మధ్య నిలబడి, మొదటి రోజు శత్రువును లోయ నుంచి తరిమేశారు. ఆ రాత్రే మళ్లీ దాడి చేద్దామని, తెల్లవారితే శత్రువు ఫిరంగులు చేరుకుంటాయని సర్దార్లకు చెప్పారు. వాళ్లు ఒప్పుకోలేదు. ఆమె అన్నట్టే పొద్దున ఫిరంగులు వచ్చాయి. శర్మన్ అనే ఏనుగెక్కి ఆమె పోరాడారు. గాయపడిన కొడుకును సురక్షితమైన చోటికి పంపి, తాను మాత్రం కదలలేదు. కణతకు ఒక బాణం, మెడకు మరొకటి తగిలాయి. శత్రువు చేతికి చిక్కకూడదని తన బాకుతోనే ప్రాణం తీసుకున్నారు. ఆ తర్వాత చౌరాగఢ్‌లో వీర నారాయణ్ కూడా పోరాడుతూ నేలకొరిగాడు.

ఇల్లు మాత్రం అంతటితో ఆరిపోలేదు. దళపత్ షా తమ్ముడు చంద్ర షా కొన్ని కోటలు వదులుకుని గద్దె నిలుపుకున్నారు. ఆ వంశంవారైన శంకర్ షా, ఆయన కొడుకు రఘునాథ్ షాలను 1857 సెప్టెంబర్ 18న ఆంగ్లేయులు జబల్‌పూర్‌లో ఫిరంగులకు కట్టి పేల్చారు. దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ ఇంటివాళ్లు తల వంచలేదు. 1983లో జబల్‌పూర్ విశ్వవిద్యాలయానికి రాణి దుర్గావతి పేరు పెట్టారు. 1988లో తపాలా బిళ్ల వెలువడింది.

మన ఆదిలాబాద్ గోండుల పూర్వీకులు చాందా రాజుల ఏలుబడిలోనివారు. గఢా వేరే రాజ్యం. అయినా ఆమె మనకూ తల్లే. యువతీ యువకులారా, మీలో ఎందరి ఇళ్లలోనో తండ్రి పోయాక పొలం, అప్పు, పిల్లల చదువు ఒక్క చేతి మీద నడిపిన అమ్మలు, అవ్వలు ఉన్నారు. వాళ్ల కథలు ఏ అక్బర్‌నామాలోనూ ఉండవు. పెద్దల సమావేశంలో వాళ్లు మాట చెబితే, ఆ రాత్రి సర్దార్లలాగా మనమూ తోసిపుచ్చుతున్నామా అని ఒక్కసారి ఆలోచించండి. ఈ జూన్ 24న రాణికి పూలమాల వేసి ఇంటికి వెళ్లాక, మీ అవ్వ దగ్గర కూర్చోండి. ఆమె చెప్పింది రాసిపెట్టి తీసుకురండి. వచ్చే సంచికలో మనం అచ్చు వేద్దాం.

జై సేవా.