కుడికాలితో గోల్ కొట్టొద్దన్న మాస్టారు

వేసవి సెలవులొస్తే మన వాళ్లున్న ఊళ్లలో పిల్లల ఫుట్‌బాల్ పోటీలు మొదలవుతాయి. బళ్లారి కానీ, హోసూరు కానీ, బరంపురం కానీ, షోలాపూర్ కానీ, చాలాచోట్ల తీరు ఒక్కటే. ఒక సంఘం పూనుకుంటుంది, బ్యానర్ కడతారు, పెద్ద కప్పు కొంటారు. పదహారు జట్లొస్తే తొలి రౌండ్‌తోనే ఎనిమిది జట్లు ఇంటిదారి పడతాయి. నెల రోజులు ఎదురుచూసిన పిల్లాడు నలభై నిమిషాలు ఆడి, ఐదారుసార్లు బంతి తాకి, బస్సెక్కుతాడు. గెలిచిన జట్టులో పొడుగ్గా ఉన్న ఇద్దరు కుర్రాళ్లే మొత్తం ఆట ఆడేసి ఉంటారు. సాయంత్రం ఫొటోలు దిగుతాం. మళ్లీ వచ్చే ఏడాది దాకా ఆ ఊసు ఉండదు.

ఇదంతా చూసినప్పుడల్లా మాకు సయ్యద్ అబ్దుల్ రహీం గుర్తొస్తారు. ఈ మధ్య ఆయన మీద హిందీలో సినిమా వచ్చాక ఆ పేరు ఇంటింటికీ తెలిసింది. భారత జట్టుకు రెండుసార్లు ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన కోచ్‌గా ఆయన్ను చెప్పుకుంటున్నారు. అది నిజమే. కానీ ఆ పతకాలకు ముందూ వెనకా ఆయన చేసిన ఇంకో పని ఉంది. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా, పిల్లల ఆటను ఒక పద్ధతిలో పెట్టడం. మా దృష్టిలో ఆయన జీవితంలో అసలు పని అదే.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, కుర్రతనంలో క్లబ్బుల తరఫున బాగానే ఆడారు. వృత్తి బడిపంతులు. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో బళ్లలో పాఠాలు చెప్పారు, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. ఆటగాడిగా పెద్ద పేరు తెచ్చుకున్నవాడు కోచ్ కావడం మనం చూస్తూనే ఉంటాం. ఈయన దారి వేరు. తరగతి గదిలో నుంచి నేరుగా మైదానానికి వచ్చిన మనిషి. అందరూ ఒకేలా నేర్చుకోరనీ, ముందు బెంచీ పిల్లల్ని మాత్రమే చూసుకుంటే తరగతి ముందుకు సాగదనీ ఏ పంతులుకైనా తెలుసు. ఆ తెలివినే ఆయన ఆటలో పెట్టారు.

1940ల తొలినాళ్లలో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ బాధ్యత ఆయనదే. ఒక సంగతి ఇక్కడ గుర్తు చేయాలి. ఆనాటి హైదరాబాద్ రాష్ట్రం అంటే తెలంగాణ ఒక్కటే కాదు. ఇవాళ కర్ణాటకలో ఉన్న రాయచూరు, గుల్బర్గా, బీదరు, మహారాష్ట్రలో ఉన్న నాందేడ్, పర్భణీ, ఔరంగాబాద్ కూడా అందులోవే. 1956లో గీతలు మారాక ఆ ఊళ్లలోని తెలుగు ఇళ్లు పక్క రాష్ట్రాల్లో మిగిలాయి. కాబట్టి మన పాఠకుల్లో కొందరి తాతలకు రహీం పరాయి ఊరి మనిషి కాదు, తమ రాష్ట్ర రాజధానిలో ఉన్న మాస్టారే.

కార్యదర్శిగా ఆయన పెట్టిన పోటీల్లో రెండింటి గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ఒకటి, డ్రిబ్లింగ్ లేని పోటీ. అంటే బంతిని కాలి దగ్గర పెట్టుకుని ఒకరి తర్వాత ఒకరిని తప్పించుకుంటూ పోవడం కుదరదు. వచ్చిన బంతిని వెంటనే జతగాడికి అందించాలి. మన దేశంలో సందుల్లో, గల్లీల్లో ఆడి పెరిగిన పిల్లలకు డ్రిబ్లింగ్ అంటే ప్రాణం. నలుగుర్ని బోల్తా కొట్టిస్తే చప్పట్లు కూడా దానికే. దాంతో బలంగా ఉన్నవాడి కాలికే బంతి అతుక్కుపోతుంది, మిగతావాళ్లు పరుగెత్తడానికి మాత్రమే పనికొస్తారు. ఈ నియమం పెట్టగానే మొత్తం మారిపోతుంది. బంతి రాకముందే తలెత్తి చూడాలి, ఎవరికి ఇవ్వాలో ముందే అనుకోవాలి. బంతి లేనివాడు కూడా ఖాళీ జాగా వెతుక్కుని నిలబడాలి. పదకొండో పిల్లాడికి కూడా బంతి వస్తుంది. ఇదంతా కోచ్ గొంతు చించుకుని చెప్పనక్కర్లేదు, నియమమే నేర్పిస్తుంది.

రెండోది ఇంకా చిత్రమైనది. బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీ. కుడికాటం పిల్లాడు కుడికాలితో గోల్ కొడితే లెక్కలోకి రాదు, ఎడమకాలితోనే కొట్టాలి. ఎడమకాటం వాడికి దీనికి తిరగేసి. మొదట్లో ఇది చూస్తే నవ్వొస్తుంది. నిన్నటిదాకా వీరుడిలా తిరిగినవాడు కూడా బంతి మీద కాలేసి తడబడతాడు. కానీ దీని వెనక లెక్క సూటిగా ఉంది. ఒంటికాలి ఆటగాడు ఎడమ పక్క వచ్చిన బంతిని కుడివైపు తిప్పుకునేసరికి ఎదుటివాడు మీదికొచ్చేస్తాడు. రెండు కాళ్లూ వచ్చినవాడికి ఆ అరక్షణం మిగులుతుంది. పెద్ద ఆటల్లో గోలు పడేదీ తప్పేదీ ఆ అరక్షణంలోనే. పైగా ఈ పోటీలో అందరూ కొత్తవాళ్లే. బక్కపిల్లాడూ బలమైనవాడూ ఒకే గీత దగ్గర మొదలవుతారు. పదేళ్ల వయసులో ఒళ్లు ముందుగా ఎదిగినవాణ్ని చూసి ప్రతిభ అనుకునే పొరపాటు ఇక్కడ చాలావరకు తగ్గుతుంది.

ఇంత చేయడానికి అయ్యే ఖర్చు ఎంత? కొత్త మైదానం అక్కర్లేదు, విదేశీ కోచ్ అక్కర్లేదు. ఒక నియమం, దాన్ని గట్టిగా పట్టుకునే రిఫరీ ఉంటే చాలు. మన సంఘాలు కప్పు ఎత్తు పెంచడానికి పెట్టే డబ్బులో పావు వంతు కూడా కాదని మా లెక్క.

హైదరాబాద్ పోలీసు జట్టు కోచ్‌గా రహీం ఏం సాధించారో అందరికీ తెలుసు కాబట్టి క్లుప్తంగానే చెబుతాం. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు గెలిచింది. డ్యూరాండ్ కప్పూ ఇంటికి తెచ్చింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే అనుకునే రోజుల్లో దక్కన్ నుంచి వచ్చిన కానిస్టేబుళ్లు ఆ మాట మార్చారు. ఇందులో ఇంకో మెలిక ఉంది. పోలీసు జట్టులో చోటంటే నెల జీతం. పేదింటి అమ్మానాన్నలకు కొడుకు ఆట మీద నమ్మకం కలగాలంటే పతకం కన్నా ఆ జీతమే ఎక్కువ పనిచేస్తుంది. బడి, సంఘం పోటీ, పోలీసు జట్టు, రాష్ట్ర జట్టు. పిల్లాడికి తర్వాతి మెట్టు ఎక్కడుందో కనబడేది.

ఇక తులసీదాస్ బలరాం కథ. బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడు పోలీసుల పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆట బూట్లు చేయించుకున్నాడని చెబుతారు. ఆ కుర్రాడి ఆట రహీం కంట పడింది. హైదరాబాద్ వచ్చి సాధన చేయమన్నారు. రావాలని కుర్రాడికీ ఉంది, కానీ అమ్ముగూడ నుంచి రోజూ వచ్చిపోవడానికి చేతిలో పైసా లేదు. రహీం ఉపన్యాసం ఇవ్వలేదు, పట్టుదల గురించి చెప్పలేదు. అద్దె సైకిలుకు డబ్బులిచ్చారు. అంతే. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రాడు సంతోష్ ట్రోఫీ ఆడాడు, ఇరవై ఏళ్లకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. భారతదేశం చూసిన గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకడయ్యాడు.

ఈ కథను గొప్ప మనసుకు ఉదాహరణగా చెబుతుంటారు. మాకైతే అది నిర్వహణకు ఉదాహరణ. ప్రతిభ ఉన్న పిల్లాడికీ మైదానానికీ మధ్య అడ్డున్నది ఏమిటో కనుక్కుని దాన్ని తీసేయడం. ఇవాళ కూడా ఆ అడ్డు చాలాసార్లు బస్సు ఛార్జీయే. జిల్లా జట్టు ఎంపికలకు అరవై కిలోమీటర్లు వెళ్లాలంటే, ఆ రోజు కూలి మానుకుని వెంట వెళ్లే నాన్న ఎంతమందికి ఉంటాడు? ఎంపిక నోటీసు మనకు సరిగా చదవరాని లిపిలో ఉంటే ఆ చిక్కు ఇంకొంచెం పెరుగుతుంది. ఇది మన ఇళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

రహీం జట్లలో ఆ గోడలు కనబడవు. ఆయన ఇంటి భాష ఉర్దూ. చుట్టూ ఉన్న పిల్లలు ఉర్దూ, తెలుగు, తమిళం మాట్లాడేవాళ్లు, సికింద్రాబాద్ దండు ప్రాంతం వాళ్లు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం, ఆ తర్వాత యూసుఫ్ ఖాన్. వాళ్లందరినీ కలిపింది మాస్టారి పద్ధతి ఒక్కటే. 1956-57లో, మళ్లీ 1957-58లో హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. అప్పటికి హైదరాబాద్ రాష్ట్రమే లేదు. 1956 నవంబరు 1న అది మూడు ముక్కలైంది. పటం మీద పోయిన పేరు కప్పు మీద ఇంకా మిగిలి ఉండటం మాకు ఎప్పుడూ వింతగానే అనిపిస్తుంది.

భారత జట్టు కోచ్‌గా ఆయన తొలి పెద్ద విజయం 1951 ఢిల్లీ ఆసియా క్రీడలు. ఫైనల్లో ఇరాన్ మీద 1-0తో స్వర్ణం. మరుసటి ఏడే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. మన వాళ్లలో చాలామంది ఒట్టికాళ్లతో ఆడారు. ఆ ఒక్క గోలూ కొట్టింది బెంగళూరు అహ్మద్ ఖాన్. అంత దెబ్బ తగిలాక చాలామంది ఆటగాళ్ల మీద నెపం వేస్తారు. రహీం అక్కడ పెద్ద జట్లు ఎలా ఆడుతున్నాయో గమనించి వచ్చి, ఇక్కడ ఆట తీరు మార్చే పనిలో పడ్డారు. బూట్లు వేసుకుని ఆడటం కూడా ఆ ఓటమి తర్వాతే తప్పనిసరి అయింది.

నాలుగేళ్లకు, 1956 మెల్‌బోర్న్‌లో, ఆస్ట్రేలియాను వాళ్ల సొంతగడ్డ మీద 4-2తో ఓడించారు. నెవిల్ డిసూజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. చివరికి నాలుగో స్థానం దక్కింది. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకున్నా తొలి దశ దాటలేదు. ఆ జట్టులో రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు, కానీ ఒక్క మ్యాచ్‌లోనూ దిగలేదు. పిల్లల జట్ల ఎంపికలో ఎవరి అబ్బాయి ఎవరన్నది ఎంత పనిచేస్తుందో తెలిసిన మనకు ఈ చిన్న సంగతి చాలు.

1962లో జకార్తా వెళ్లేనాటికి ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతింది. ఊపిరితిత్తుల క్యాన్సర్. అక్కడ తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని మన ప్రతినిధి ఒకరు తప్పుపట్టడంతో స్థానికులు భారత జట్టు మీద మండిపడుతున్నారు. థాయిలాండ్ మీద ఆడుతూ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. తంగరాజ్‌కు జ్వరం. రక్షణలో ఆడే జర్నైల్‌ను రహీం ముందుకు తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. ఒక్క స్థానానికే కట్టుబడి ఆడటం నేర్పే కోచ్ ఆ పని చేయలేడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2 గెలుపు.

ఫైనల్ ముందు రాత్రి జట్టును కూర్చోబెట్టి, తనకు ఒక కానుక కావాలనీ, అది రేపటి బంగారమనీ అడిగారట. సెప్టెంబరు 4న స్టేడియమంతా ఈలలూ కేకలూ. ఎదురుగా మళ్లీ అదే కొరియా. తొలి అర్ధభాగంలోనే పి.కె. బెనర్జీ ఒకటి, కుట్ల తలతో ఆడుతున్న జర్నైల్ ఒకటి కొట్టారు. కొరియా చివర్లో ఒకటి కొట్టినా 2-1తో మనమే గెలిచాం. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్లీ రాలేదు.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం కన్నుమూశారు. వయసు 53.

పద్ధతి అంతా ఒక్క మనిషి తలలో ఉండటం ఆయన పనిలోని లోపమని మేము అనుకుంటాం. బలహీనపు కాలి పోటీలు ఎందుకు పెట్టాలో తెలిసిన రెండో కార్యదర్శి తయారు కాలేదు. మంచి ఆటగాళ్లు అప్పటికే కలకత్తా క్లబ్బుల బాట పట్టారు. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. వెళ్లినవాళ్ల చోట్లో కొత్తవాళ్లు రావాలంటే కింద పిల్లల పోటీలు ఆగకుండా నడవాలి. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో ఒకసారి సంతోష్ ట్రోఫీ గెలిచారు, మాస్టారి నీడలో పెరిగిన తరం ఇంకా మైదానంలో ఉన్న రోజులవి. ఆ తర్వాత ఆ కప్పు ఇటు రాలేదు. హైదరాబాద్ లీగ్‌కు మాత్రం రహీం లీగ్ అని పేరు పెట్టుకున్నారు.

1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్ కాంస్యం గెలిచింది. ఫుట్‌బాల్‌లో ఆ క్రీడల నుంచి మనకొచ్చిన చివరి పతకం అదే. కెప్టెన్ హైదరాబాద్ కుర్రాడు సయ్యద్ నయీముద్దీన్. శిక్షకుల్లో ఒకరు జకార్తా ఫైనల్లో తొలి గోల్ కొట్టిన పి.కె. బెనర్జీ. అప్పటికి మాస్టారు పోయి ఏడేళ్లు.