సింహబిరుదాంకితుడగు హెన్రీ డ్యూకు: జీవితము, వంశము

పన్నెండవ శతాబ్దమున జర్మనీ చక్రవర్తికి సాటిగా నిలిచిన సామంతుడు వెల్ఫ్ వంశజుడగు హెన్రీ. సింహమని అతని బిరుదు. చక్రవర్తికి లోబడి విశాలమండలము నేలు ప్రభువును అచట డ్యూకందురు. మన మహామండలేశ్వర శబ్దము దీనికి సమీపము. అట్టి మండలములు రెండు, సాక్సనీ, బవేరియాలు, ఈతని యధీనమున నుండెను.

ఈతడు 1130 ప్రాంతమున జన్మించెను. తల్లి గెర్ట్రూడు లోతారు చక్రవర్తికి ఏకైక సంతానము. తండ్రి చక్రవర్తిపదమును గోరి విఫలుడై, రెండు మండలములను గోల్పోయి 1139లో మరణించెను. బాలునకు 1142లో సాక్సనీ మాత్రమే దక్కెను. పదేండ్లకు రాజైన ఫ్రెడరిక్ బర్బరోస్సా, అనగా అరుణశ్మశ్రువు, హెన్రీకి మేనత్త కుమారుడు. మన వరుసలో బావ. ఆ బంధుత్వబలముననే 1156లో బవేరియాయు లభించెను.

ఇరువది సంవత్సరములు వారి మైత్రి చెక్కుచెదరలేదు. 1158లో ఫ్రైజింగు బిషప్పు వంతెనను ధ్వంసము చేయించి, ఉప్పు వర్తకుల మార్గమును తన మ్యూనిక్ వైపు మరల్చిన హెన్రీని చక్రవర్తి దండింపక, సుంకములో మూడవ వంతు బిషప్పునకు చెల్లింపుమని మాత్రము తీర్పు చెప్పెను. ఆ మ్యూనిక్ నేడు మహానగరము. 1159లో ల్యూబెక్ పునర్నిర్మితమయ్యెను. రాజధానియగు బ్రౌన్ష్వైగులో కోట యెదుట కంచు సింహమును నిలిపించెను.

ప్రథమభార్య క్లెమెన్షియాను 1162లో సమీపరక్తబంధమను కారణముచే త్యజించెను. ఇన్నేండ్ల కాపురము తరువాత ఆ దోషము గోచరించుట వింత! పురుషసంతతి లేమి, చక్రవర్తి రాజకీయము అసలు హేతువులని తోచును. 1168లో ఇంగ్లండు రాజు రెండవ హెన్రీ పుత్రిక మటిల్డాను వివాహమాడెను. హెల్మార్స్‌హౌసెన్ మఠమున వ్రాయించిన సువార్తగ్రంథమున దేవహస్తములు ఈ దంపతులకు కిరీటములుంచుచున్న చిత్రము కలదు. వరుని వెనుక మాతామహుడగు చక్రవర్తియు, వధువు వెనుక తండ్రియగు రాజును నిలిచియున్నారు. హెన్రీ తన్ను సామాన్య సామంతునిగా నెంచుకొనలేదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

ఇటలీ యుద్ధమునకు సేనను గోరి 1176లో చక్రవర్తి కియవెన్నాయందు హెన్రీని కలిసెను. మోకరిల్లి ప్రార్థించెననియు, గోస్లార్ వెండిగనులను హెన్రీ ప్రతిఫలముగా కోరెననియు తరువాతి చరిత్రకారులు వ్రాసిరి. సాయము రాలేదు, అదే యేట లెన్యానోలో చక్రవర్తి యోడెను. హెన్రీ పతనమునకు ఈ నిరాకరణమే కారణమని చెప్పుట పరిపాటి. కాని విచారించినచో, సాక్సనీ ప్రభువుల అభియోగములకు బదులు చెప్ప సభకు రాకపోవుటయే న్యాయపరమగు నేరమయ్యెను. బావ కోపము అగ్నియైనచో, ఇంధనమును సమకూర్చినవారు పొరుగువారు.

1180లో సాక్సనీ విభక్తమయ్యెను. బవేరియా విట్టెల్స్‌బాఖ్ వంశ్యుడగు ఒట్టోకు దక్కి, 1918 వరకు ఆ వంశమున నిలిచెను. మరుసటి యేట ఎర్ఫర్టులో హెన్రీ శరణుజొచ్చెను. పిత్రార్జితములైన బ్రౌన్ష్వైగు, ల్యూనెబర్గు భూములు మిగిలినవి. 1182లో భార్యాపుత్రులతో మామగారి యాశ్రయమున కేగెను. కడగొట్టు కుమారుడు విల్హెల్ము అచటనే 1184లో పుట్టెను. 1189లో మరల ప్రవాసము విధింపబడగా మటిల్డా బ్రౌన్ష్వైగులోనే యుండి, ఆ సంవత్సరమే పతి దూరస్థుడై యుండగా మరణించెను.

వార్ధక్యమున ప్రాచీన చరిత్రగ్రంథములను సేకరింపించి, రాత్రులందు చదివించుకొని వినెను. 1195 ఆగస్టు 6న మరణించి, తాను కట్టించిన సెయింట్ బ్లాసియస్ దేవాలయమున భార్య ప్రక్కనే ఖననము చేయబడెను.

తండ్రికందని చక్రవర్తిపదము కుమారుడు ఒట్టోకు 1209లో లభించినది, కాని అతడు నిస్సంతుగా పోయెను. ప్రవాసమున బుట్టిన విల్హెల్ము వంశమే నిలిచెను. అతని కుమారుడు 1235లో బ్రౌన్ష్వైగు-ల్యూనెబర్గు డ్యూకయ్యెను. ఆ సంతతివాడే 1714లో ఇంగ్లండు రాజైన మొదటి జార్జి. రెండవ జార్జి గోటింగెన్‌లో విశ్వవిద్యాలయమును స్థాపించెను. పుణ్యపత్తనమున బోధించిన కీల్‌హార్న్ 1882లో ఆ విద్యాలయమునకే ఆచార్యుడై వెడలి, పతంజలి మహాభాష్య పరిష్కరణమును అచట పూర్తిచేసెను.