మూడు మార్లు తలుపు తట్టిన రాత్రి

వేలూరు ఆసుపత్రి పేరు మనలో అనేకులు ఎరుగుదురు. దానిని స్థాపించిన డాక్టరు ఐడా స్కడ్డరు దొరసాని వైద్యురాలు మాత్రమే కాదు, గొప్ప ఉపాధ్యాయిని కూడ.

ఆమె 1870 డిసెంబరు 9వ తేదీన రాణిపేటలో అమెరికా మిషనెరీ కుటుంబమున జన్మించెను. తాత తండ్రులు వైద్యులు. బాల్యమందే కరవును, ఆకలిచావులను చూచినందున, తాను మాత్రము మిషనెరీ కాకూడదని ఆమె తీర్మానించుకొనెను. 1890లో తల్లి జబ్బుగా నుండగా తిండివనము వచ్చినను, త్వరగా మరలిపోవుటయే ఆమె తలంపు.

అక్కడ ఒక రాత్రి బ్రాహ్మణుడొకడు, ముస్లిమొకడు, మరియొక హిందువు ఒకరి వెనుక ఒకరు వచ్చి, ప్రసవవేదన పడుచున్న తమ భార్యలను రక్షింపుమని వేడుకొనిరి. ఆమెకు వైద్యము తెలియదు. వైద్యుడైన తండ్రిని పిలుచుకొని పొమ్మనగా, పరపురుషుడు రాకూడదని వారు మరలిపోయిరి. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. ఆ మూడు పిలుపులలో ఆమె దేవుని పిలుపును వినెను.

1899లో కార్నెల్ వైద్య కళాశాలలో పట్టము పొంది, 1900లో వేలూరు చేరెను. 1902లో 40 పడకల ఆసుపత్రి ఏర్పడెను. అయినను రోగులు వేలమంది, చేతులు రెండే. తానొక్కతె ఎందరిని బాగుచేయగలదు? చేతులను పెంచవలెనన్న, నేర్పుటయే మార్గమని ఆమె గ్రహించెను. 1909లో నర్సుల బడి తెరచెను. గుడియాత్తము బాటలో చెట్లనీడను మందులిచ్చుచు పల్లెలు తిరిగెను. తరువాత విద్యార్థినులును ఆమెతో వెళ్లి, పల్లెలోనే సేవ నేర్చుకొనిరి.

1918 ఆగస్టులో స్త్రీల వైద్య పాఠశాల తెరువబడెను. చదువుటకు ఆడపిల్లలు వత్తురా యని అధికారులు సందేహించిరి. కాని మొదటి యేటనే 151 దరఖాస్తులు వచ్చెను! 1922లో 14 మంది పట్టము పొందిరి. 1942లో అది ఎం.బి.బి.ఎస్. కళాశాల అయ్యెను, తరువాత పురుషులకును ప్రవేశము దొరకెను. విశాఖపట్టణమున పుట్టిన డాక్టరు హిల్డా లాజరస్ దానికి తొలి భారతీయ డైరెక్టరు అయ్యెను. ఐడా దొరసాని 1960 మే నెలలో కొడైకెనాలున నిద్రించెను.

ప్రియ సహోదరీ సహోదరులారా, మంచి సమరయుడు దారిలో పడియున్న ఒక్కని గాయములు కట్టెను. ఈ సహోదరి గాయములు కట్టువారిని సిద్ధపరచెను. ఆ ముగ్గురు తల్లులు చనిపోయినది రోగమువలన మాత్రమే కాదు. చదువుకొనిన స్త్రీ యొక్కతెయు లేనందున. మన యింట చదువుటకు ఆశపడు ఆడపిల్ల యున్నదా? ఆమెను మాన్పింపకుడి. నెలలు నిండిన కోడలిని ఆసుపత్రికి తీసికొని పోవుటకు ఆలస్యము చేయకుడి. మన తలుపును తట్టుచున్నది ఎవరో, ఈ మాసమున ప్రార్థనాపూర్వకముగా ఆలోచించుకొందము.