మధ్యాహ్నం పన్నెండుకే రోజు పని ముగించిన మనిషి



పేరెంట్స్ మీటింగ్‌లో మీరు మమ్మల్ని ఎక్కువసార్లు అడిగే ప్రశ్న మార్కుల గురించి కాదు, గంటల గురించి. ఇంటి దగ్గర రోజుకు ఎన్ని గంటలు కూర్చోబెట్టాలి? రెండు చాలా, పరీక్షల ముందు నాలుగు చేయాలా? ఈ లెక్క వచ్చినప్పుడల్లా నాకు చార్లెస్ డార్విన్ గుర్తొస్తారు. మీ పిల్లల సైన్స్ పుస్తకంలో పొడుగాటి తెల్లగడ్డంతో కనిపించే పెద్దాయనే. ఆయన సిద్ధాంతం సంగతి మా సైన్స్ టీచర్లు చెబుతారు. ఆయన రోజు ఎలా గడిచేదో నేను చెబుతాను.

డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో పుట్టారు. తండ్రి ఆ ఊళ్ళో పేరున్న డాక్టరు. తల్లి ఆయనకు ఎనిమిదేళ్ళప్పుడే పోయారు. చదువు అంతంతమాత్రం. పురుగులు ఏరుకోవడం, కుక్కలతో తిరగడం, పిట్టల్ని వేటాడటం, ఇవే ఇష్టం. వీడు ఇంటి పరువు తీసేలా ఉన్నాడని తండ్రి ఒకసారి గట్టిగానే కోప్పడ్డారు. 1825లో, పదహారేళ్ళకే, మెడిసిన్ చదవమని ఎడిన్‌బరో పంపించారు. అప్పటికి ఆపరేషన్లకు మత్తుమందు లేదు. ఒక పసివాడికి చేస్తున్న ఆపరేషన్ చూడలేక బయటికి పరుగెత్తారు, మళ్ళీ ఆ గదిలో అడుగు పెట్టలేదు. మెడిసిన్ మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత కేంబ్రిడ్జ్‌లో చేరితే, అక్కడా క్లాసుల కన్నా పెంకుపురుగులు పట్టడం మీదే ధ్యాస. ఆ తండ్రి స్థానంలో మనం ఉంటే కట్టిన ఫీజు తప్పకుండా గుర్తు చేసి ఉండేవాళ్ళం.

టైమ్ విలువ ఆయనకు తెలిసింది క్లాసులో కాదు, ఓడలో. 1831 డిసెంబరు 27న బీగిల్ అనే ఓడలో బయలుదేరి, దాదాపు ఐదేళ్ళు ప్రపంచం చుట్టి 1836 అక్టోబరు 2న తిరిగొచ్చారు. ఉన్నది ఇరుకు గది, మధ్యలో మ్యాపులు గీసే పెద్ద బల్ల. పడుకోవాలంటే ఆ బల్ల పైన ఊయల కట్టుకోవాలి. దానికి తోడు ఓడ ఊగినప్పుడల్లా వాంతులు. తీసిన వస్తువు తీసిన చోట పెట్టకపోతే అక్కడ పని సాగదు. దొరికిన పది నిమిషాలూ వాడుకోకపోతే ఆ రోజుకి పనే ఉండదు. పద్ధతిగా పనిచేయడం, నిమిషాల్ని జాగ్రత్త చేసుకోవడం ఆ ఓడలోనే అలవాటయ్యాయని ఆయనే ఇంట్లోవాళ్ళకు చెప్పేవారు.

1839లో ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ను పెళ్ళి చేసుకున్నారు. 1842లో లండన్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న డౌన్ అనే పల్లెకు మారి, చనిపోయేదాకా నలభై ఏళ్ళు అక్కడే ఉన్నారు. అప్పటికే ఒంట్లో ఏదో జబ్బు పట్టుకుంది. వాంతులు, తలతిరగడం, నీరసం. ఏ డాక్టరూ కారణం తేల్చలేకపోయారు. కొన్నిసార్లు వారాల తరబడి పని ముట్టుకోలేకపోయేవారు. అంటే పన్నెండు గంటలు కూర్చుని చదివే ఓపిక ఆయనకు అసలు లేదు. ఉన్న ఓపికను ఎక్కడ ఖర్చు పెట్టాలన్నదే ఆయన ముందున్న సమస్య.

కొడుకు ఫ్రాన్సిస్ రాసిపెట్టడం వల్ల ఆయన దినచర్య మనకు తెలుసు. ఉదయం కాసేపు నడక, ఏడూ ముప్పావుకి ఒక్కరే టిఫిన్. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా పని. రోజు మొత్తంలో బుర్ర బాగా పనిచేసే టైమ్ అదేనని ఆయన నమ్మకం, అందుకే కష్టమైన పని అప్పుడే. తర్వాత గంటసేపు ఉత్తరాలు, భార్య పైకి చదివి వినిపించే నవల. పదిన్నర నుంచి పన్నెండు దాకా మళ్ళీ పని. పన్నెండు కొట్టేసరికి, ఈ రోజుకి పని బాగా అయిందని తృప్తిగా లేచేవారట. ఎండైనా వానైనా నడకకు వెళ్ళేవారు. పెరటి వెనక చెట్ల మధ్య ఇసుక బాట ఒకటి వేయించుకున్నారు, దాని పేరు శాండ్‌వాక్. ఎన్ని చుట్లు తిరిగారో తెలియడానికి ఒక మూల రాళ్ళు కుప్పగా పెట్టుకుని, చుట్టుకొకటి కాలితో పక్కకు తన్నేవారు. భోజనం, పేపరు, మళ్ళీ ఉత్తరాలు, మూడింటికి విశ్రాంతి, నాలుగింటికి నడక. నాలుగున్నర నుంచి ఇంకో గంట పని. అంతే.

కూడి చూడండి. నాలుగు గంటలు.

ఆ నాలుగు గంటల్లో మాత్రం ఒక్క నిమిషం జారనిచ్చేవారు కాదు. పావుగంటకూ పది నిమిషాలకూ మధ్య తేడా ఆయనకు పెద్ద తేడా. ఇంకా కాసేపే ఉంది కదా, ఇప్పుడు మొదలుపెట్టడం ఎందుకు అనే మాట ఆయన దగ్గర లేదు. చదివిన పుస్తకం చివర పనికొచ్చే పేజీల నంబర్లు రాసుకునేవారు. తీసుకున్న నోట్సును విషయాల వారీగా ముప్పై నలభై పెద్ద ఫైళ్ళలో సర్దుకునేవారు, వెతుక్కోవడానికి టైమ్ పోకుండా. లావు పుస్తకం చేతికి బరువైతే మధ్యకు కోసి రెండు చేసుకునేవారు. (పిల్లలకు ఇది చెప్పకండి.)

మీ ఇంట్లో పనికొచ్చే సంగతి ఒకటుంది. డార్విన్‌కు ముక్కుపొడి అలవాటు. మానలేకపోయారు. అందుకని ఆ జాడీని చదువుకునే గదిలో కాకుండా బయట హాల్లో బల్ల మీద పెట్టించారు. పీల్చాలనిపిస్తే లేచి అంతదూరం నడవాలి. ఆ నడక బద్ధకమే ఆయనకు కళ్ళెం. మన ఇళ్ళలో ముక్కుపొడి లేదు, సెల్‌ఫోన్ ఉంది.

ఇలాంటి రోజులతోనే ఆయన బార్నకిల్స్ మీద ఎనిమిదేళ్ళు పనిచేశారు. రాళ్ళకూ ఓడల అడుగుకూ అతుక్కుని బతికే చిన్న సముద్రజీవులు అవి. ఆ ఎనిమిదేళ్ళలో రెండేళ్ళు జబ్బుకే పోయాయని లెక్క కూడా ఆయనే రాసుకున్నారు. 1858 జూన్‌లో ఆల్‌ఫ్రెడ్ వాలెస్ నుంచి ఒక వ్యాసం వచ్చింది. తాను ఇరవై ఏళ్ళుగా కూడబెడుతున్న ఆలోచనే అందులో ఉంది. అదే నెలాఖరున ఏడాదిన్నర కొడుకు స్కార్లెట్ జ్వరంతో చనిపోయాడు. జూలై 1న లండన్‌లోని లిన్నేయన్ సొసైటీలో ఇద్దరి రచనలూ కలిపి చదివారు, డార్విన్ అక్కడ లేరు. తర్వాత పదమూడు నెలల పది రోజుల్లో పుస్తకం పూర్తి చేశారు. అదే ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్. 1859 నవంబరు 24న వచ్చింది, మొదట అచ్చు వేసినవి 1,250 కాపీలు. ఫైళ్ళలో ఇరవై ఏళ్ళ నోట్సు సర్ది ఉండకపోతే పదమూడు నెలల్లో అది అయ్యే పని కాదు.

ఒక మాట మాత్రం దాచకూడదు. ఆయన ఉద్యోగానికి వెళ్ళక్కర్లేదు, పెద్దలిచ్చిన ఆస్తి ఉంది. పనివాళ్ళున్నారు. ఇల్లు, పిల్లలు, వచ్చేపోయే చుట్టాలు, భర్త జబ్బు అన్నీ ఎమ్మా చూసుకున్నారు. ఆయన పొద్దుటి గంటన్నర చెక్కుచెదరకుండా ఉందంటే, ఆ తలుపు బయట ఎమ్మా రోజు ముక్కలు ముక్కలైంది కాబట్టే. మన ఇళ్ళలో కూడా పిల్లవాడి స్టడీ అవర్ ఎవరి టైమ్‌లోంచి వస్తోందో ఇంట్లో ఒకసారి మాట్లాడుకుంటే మంచిది.

అలాగని ఆయన గోడ కట్టుకుని కూర్చున్న తండ్రి కాదు. పదిమంది పిల్లల్లో ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. 1851లో పదేళ్ళ కూతురు ఆనీకి జబ్బు ముదిరినప్పుడు పని మొత్తం పక్కన పెట్టి, మాల్వెర్న్‌లో ఆమె మంచం పక్కనే ఉన్నారు. ఆనీ బతకలేదు. మిగతా పిల్లలకు కత్తెర కావాలన్నా, దారం కావాలన్నా నాన్న పనిచేసుకునే గదిలోకే వెళ్ళేవారు. రాసి పక్కన పెట్టిన పుస్తకం కాగితాల వెనక వాళ్ళు బొమ్మలు వేసుకున్నారు. కూరగాయలూ పండ్లూ సైనికులై యుద్ధం చేస్తున్న బొమ్మ ఒకటి ఇప్పటికీ ఉంది. నాలుగేళ్ళ కొడుకు ఒకసారి పని వేళలో లోపలికొచ్చి, ఆడుకోవడానికి వస్తే ఆరు పెన్నీల నాణెం ఇస్తానని నాన్నకు లంచం పెట్టబోయాడు.

రాత్రి భోజనం తర్వాత భార్యాభర్తలు పాచికలతో ఆడే బ్యాక్‌గామన్ రెండు ఆటలు. అక్కడా లెక్కే. 1876 నాటికి తాను 2,795 ఆటలు, ఎమ్మా 2,490 ఆటలు గెలిచినట్టు ఒక స్నేహితుడికి సంబరంగా ఉత్తరం రాశారు. పదిన్నరకు పడక.

ఆయన చివరి పుస్తకం 1881లో వచ్చింది, వానపాముల మీద. వాటికి చెవులున్నాయో లేదో చూడటానికి వానపాముల కుండీలు ఇంట్లోకి తెచ్చారు. కొడుకు బాసూన్ ఊదాడు, ఎమ్మా పియానో వాయించారు. వానపాములు పట్టించుకోలేదు. కుండీల్ని పియానో మీదే పెట్టి వాయిస్తే మాత్రం, ఆ అదురుకు చటుక్కున మట్టిలోకి దూరాయి. మరుసటి సంవత్సరం ఏప్రిల్ 19న డార్విన్ అదే ఇంట్లో కన్నుమూశారు.