మొదటి సాలార్‌జంగ్ - మన జిల్లాలకు పునాది వేసిన దివాన్

ఎక్స్‌కర్షన్‌కు హైదరాబాద్ వెళ్లినప్పుడు మనలో చాలామంది సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా శిల్పం చూసి ఆశ్చర్యపోయినవాళ్లమే. 1876లో రోమ్ నగరంలో దాన్ని కొన్నది మొదటి సాలార్‌జంగ్. అక్కడి మిగతా వస్తువుల్లో ఎక్కువ భాగం ఆయన మనుమడు సేకరించినవి. తాత చేసిన పని మాత్రం మన నల్లగొండ, పాలమూరు కచేరీల్లో కనిపిస్తుంది.

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీఖాన్. 1829లో దివాన్ల వంశంలో పుట్టాడు. 1853 మే నెలలో నిజాం ప్రభుత్వం బాకీ కింద బీరారు, రాయచూరు, నల్‌దుర్గ్ ప్రాంతాలను ఆంగ్లేయులకు అప్పగించింది. ఆ ఒప్పందం జరిగిన కొద్దిరోజులకే దివాన్ సిరాజుల్‌ముల్క్ మరణించాడు. ఆయన తమ్ముడి వరస కాదు, అన్నదమ్ముల బిడ్డ అయిన సాలార్‌జంగ్ 24 ఏళ్లకే ఆ పదవిలోకి వచ్చాడు.

అప్పటికి ఖజానా ఖాళీ. శిస్తు వసూలు గుత్తేదారుల చేతుల్లో ఉండేది. వారు రైతును పిండుకునేవారు. సాలార్‌జంగ్ గుత్తలు తీసేసి జీతగాళ్లయిన అధికారులను పెట్టాడు. 1865లో జిలాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలు, తాలూకాలుగా విభజించాడు. మన పాలమూరు జిల్లాకు అప్పట్లో నాగర్‌కర్నూలే కేంద్రం.

1857 జూలై 17న తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ రెసిడెన్సీపై దాడి చేసినప్పుడు ఆయన ఆంగ్లేయుల పక్షాన నిలిచాడు. 1860లో వారు రాయచూరు, నల్‌దుర్గ్ తిరిగి ఇచ్చారు గాని బీరారు ఇవ్వలేదు. దానికోసమే 1876లో ఇంగ్లండు వెళ్లాడు. దారిలో పారిస్‌లో మెట్ల మీద జారిపడి తొడ ఎముక విరిగినా ప్రయాణం మానలేదు. ఆక్స్‌ఫర్డ్ డాక్టరేటు ఇచ్చింది, బీరారు మాత్రం రాలేదు. 1883 ఫిబ్రవరి 8న కలరాతో మరణించాడు.

ఆయన సంస్కరణలు జాగీర్ల జోలికి పోలేదు. కోస్గి ఆయన కుటుంబపు జాగీరే. వెట్టి పోలేదు, మన తాతల పల్లెలకు బడి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అందుకే ఆయన్ను దేవుణ్ణి చేయలేము, మరువనూ లేము.

కుల, ఆదాయ సర్టిఫికెట్ల కోసం తహసీలు ఆఫీసు ముందు వరుసలో నిలబడిన మనకు తెలుసు, అక్కడి కుర్చీ విలువ ఏమిటో. ఆ కుర్చీ వేసింది ఒక నవాబు. తమ్ముళ్లారా, రేపు అందులో కూర్చోవలసింది మీరు.